పాపం, పశ్చాత్తాపం, పుణ్యం: ధరణికోట ప్రభువు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడి జీవితకథ - ఒక విమర్శ

వ్యాస సంగ్రహం

రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడి (1761-1816) జీవితం తెలుగులో ఎక్కువగా ఒకే చట్రంలో చెప్పబడుతోంది. చెంచుల వధ పాపమనీ, ఆ పాపం పశ్చాత్తాపానికి దారితీసిందనీ, పశ్చాత్తాపం ఆలయ నిర్మాణ పుణ్యంగా పరిణమించిందనీ ఆ చట్రం చెబుతుంది. ఆంగ్ల పురావస్తు రచనల్లో ఆయన స్తూప విధ్వంసకుడిగా కనిపిస్తాడు. ఈ రెండు చిత్రణలూ ఆధారాలను ఎలా ఎంచుకున్నాయో, ఏవి విడిచిపెట్టాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గ్వాతెమాలా అధ్యక్షుడు మాన్యుయెల్ ఎస్ట్రాడా కాబ్రెరా జీవితం అక్కడి సాహిత్యంలో రూపు మార్చుకున్న తీరును పోలికగా స్వీకరించి, ప్రభువుల జీవిత రచనలో చనిపోయినవారి స్థానం ఏమిటన్న ప్రశ్నను ముందుకు తెస్తుంది.

కీలక పదాలు: ధరణికోట, అమరావతి, వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు, నరుకుళ్ళపాడు, చెంచులు, దీపాలదిన్నె, జీవితచరిత్ర విమర్శ.

1. ఉపోద్ఘాతం

పల్నాడు జిల్లా అమరావతి మండలంలో ధరణికోటకు సమీపాన నరుకుళ్ళపాడు అనే ఊరు ఉంది. ఆ పేరు ఎలా వచ్చిందని అడిగితే ఆ ప్రాంతంలో చెప్పే కథ ఒకటే. దోపిడీలు చేస్తున్నారన్న కోపంతో జమీందారు వేంకటాద్రి నాయుడు చెంచులను విందుకు పిలిపించి, నమ్మి వచ్చినవారిని వరుసగా నిలబెట్టి నరికించాడట. చనిపోయినవారి సంఖ్య కథకుణ్ణి బట్టి మారుతుంది. ఆ తరువాత ప్రభువు భోజనానికి కూర్చున్నప్పుడల్లా విస్తరిలోని అన్నం పురుగులై కనిపించిందనీ, మనశ్శాంతి కోల్పోయిన ఆయన అమరేశ్వరుణ్ణి శరణు వేడి తన సంపదను ఆలయాలకు ధారపోశాడనీ కథ ముగుస్తుంది.

ఈ కథ నిజమా కాదా అని తేల్చడం ఈ వ్యాస లక్ష్యం కాదు. కథ ఏ ఆకృతిలో స్థిరపడింది, ఆ ఆకృతి ఎవరిని కథానాయకుడిగా నిలిపింది, ఎవరిని కేవలం కారణంగా వాడుకుంది అన్నవే ఇక్కడి ప్రశ్నలు. కనుక ఇది ఏ ఒక్క గ్రంథానికో సమీక్ష కాదు. స్థలగాథ, పురావస్తు నివేదిక, న్యాయస్థాన తీర్పు అనే మూడు రకాల కథనాలను పక్కపక్కన ఉంచి చదివే ప్రయత్నం. మూడింటిలోనూ ఉన్నది ఒకే మనిషి. అయినా ఒక కథనం చదివిన పాఠకుడు మరొక కథనంలో ఆయనను గుర్తుపట్టడం కష్టం.

2. తేదీలు నిలబెట్టే జీవితం

వాసిరెడ్డి వంశం కృష్ణాతీరంలోని చింతపల్లి కేంద్రంగా జమీందారీ చేసింది. వేంకటాద్రి నాయుడు 1761లో జన్మించి, 1783లో జమీ బాధ్యతలు స్వీకరించాడు. ఆయన పాలన మొదలైన అయిదేళ్లకు, 1788లో, గుంటూరు సర్కారు నిజాము చేతి నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి మారింది. మిగిలిన ఉత్తర సర్కారులు అంతకు రెండు దశాబ్దాల ముందే కంపెనీకి దక్కినా, బసాలత్ జంగ్ జాగీరుగా ఉన్న గుంటూరు మాత్రం అంతవరకు ఆగింది. అంటే ఈ జమీందారు తన పాలనను ఒక సార్వభౌముడి కింద ఆరంభించి, మరొక సార్వభౌముడి కింద కొనసాగించాడు.

1796 ప్రాంతంలో ఆయన చింతపల్లిని విడిచి ధరణికోట పక్కన అమరేశ్వరాలయాన్ని ఆశ్రయించి కొత్త పట్టణాన్ని కట్టించాడు. అదే నేటి అమరావతి పట్టణం. 1802 నాటి శాశ్వత శిస్తు నిబంధనతో మద్రాసు ప్రెసిడెన్సీ జమీందార్లు కంపెనీ సనదు పొందిన భూస్వాములయ్యారు. 1807-09 మధ్య మంగళగిరి లక్ష్మీనరసింహస్వామి ఆలయానికి పదకొండు అంతస్తుల, 153 అడుగుల గాలిగోపురాన్ని ఆయన ఎత్తించాడు. చేబ్రోలులో చతుర్ముఖ బ్రహ్మకు కోనేటి నడుమ గుడి కట్టించాడు. మొత్తం నూటెనిమిది ఆలయాలు నిర్మించాడని ప్రతీతి. 1816లో మరణించాడు.

ఈ క్రమంలో చెంచుల వధ ఎక్కడ వస్తుంది? స్థలగాథకు తేదీ లేదు. తేదీ లేకపోవడం వల్లనే దానిని జీవితంలో ఎక్కడైనా నిలపవచ్చు. కథకులు దానిని ఎప్పుడూ ఒకే చోట నిలిపారు: అమరావతికి ముందు, ఆలయాలకు ముందు. ఈ స్థాననిర్ణయం కాలక్రమం తెలిసి చేసింది కాదు, కథ అవసరం కోసం చేసింది.

3. ఒక తరలింపు, రెండు కారణాలు

చింతపల్లి నుంచి ధరణికోటకు తరలిన ఒకే సంఘటనకు రెండు వేరు వేరు కారణాలు ప్రచారంలో ఉన్నాయి. స్థలగాథ ప్రకారం అది పశ్చాత్తాప యాత్ర. రక్తపు మరకలున్న చోటిని విడిచి దేవుడి సన్నిధికి చేరడం. కంపెనీ కాలపు ఆంగ్ల కథనాల ప్రకారం అది రాజకీయ నిర్ణయం. చింతపల్లిలో తన సైన్యం, తన కోట, తన అధికారం విషయంలో కంపెనీ ప్రవర్తనకు అలిగిన జమీందారు ఆ ఊరిని వదిలి కొత్త రాజధానిని ఏర్పరచుకున్నాడు.

ఈ రెండింటిలో ఏది నిజమని అడగడం కన్నా, ఒక కథనంలో ఉన్నది మరొకదానిలో ఎందుకు లేదని అడగడం మేలు. స్థలగాథలో కంపెనీ ఊసే ఉండదు. ప్రభువుకూ దేవుడికీ మధ్య మూడో అధికారం లేనట్టే కథ నడుస్తుంది. ఆంగ్ల కథనాలలో ప్రభువుకు అంతరంగం ఉండదు. ఆయన అలుగుతాడు, ఖర్చు పెడతాడు, తవ్విస్తాడు, అంతే. మొదటి కథనం ఆయనకు ఆత్మనిచ్చి రాజకీయాన్ని తీసివేసింది. రెండోది రాజకీయాన్ని ఉంచి ఆత్మను తీసివేసింది.

విమర్శకుడు గమనించవలసిన విషయం మరొకటుంది. 18వ శతాబ్దం చివర గుంటూరు జమీందారు ఎదుర్కొన్న ప్రధాన సమస్య శిస్తు, సైన్యం, హద్దుల రక్షణ. కంపెనీ దృష్టిలో శాంతిభద్రతలు కాపాడలేని జమీందారు పనికిరానివాడు. తన సైన్యంతో తానే శాంతిని నెలకొల్పే జమీందారు ప్రమాదకారి. దారిదోపిడీల నెపంతో ఒక సమూహాన్ని సామూహికంగా చంపడమనేది, అది జరిగి ఉంటే, ఈ ఇరకాటంలోని ప్రభువు తన అధికారాన్ని ప్రదర్శించిన చర్యగా కూడా చదవవలసి ఉంటుంది. స్థలగాథ దానిని ఒక మనిషి క్షణికావేశంగా, ఒక ఆత్మ పతనంగా మాత్రమే చదివింది. రాజకీయ హింస అలా వ్యక్తిగత పాపంగా మారింది. పాపానికి ప్రాయశ్చిత్తం ఉంటుంది. రాజకీయ హింసకు జవాబుదారీతనం ఉండాలి. కథ మొదటిదానిని ఎంచుకుని రెండోదాని నుంచి తప్పించుకుంది.

4. ప్రాయశ్చిత్తమా, రాజధర్మమా?

ఆలయాల నిర్మాణమంతా పశ్చాత్తాప ఫలమేనన్న భావన ధరణికోట చరిత్ర ముందు నిలవదు. ఈ స్థలానికి దానధర్మాలు చేయడం ఆంధ్రదేశ ప్రభువులకు పాత ఆచారం. 1182లో కోట వంశీయుడు కేతరాజు ఇక్కడ వేయించిన శాసనం బుద్ధుడికీ అమరేశ్వరుడికీ దానాలను నమోదు చేసింది. 1344 నాటి శ్రీలంకలోని గడలాదెనియ శాసనం ధర్మకీర్తి అనే భిక్షువు ధాన్యకటకంలో బుద్ధ ప్రతిమాగృహాన్ని పునరుద్ధరించిన సంగతి చెబుతుంది. 1515లో కొండవీటి విజయం తరువాత శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడికి వచ్చి అమరేశ్వర సన్నిధిలో తులాపురుషదానం చేశాడు.

వేంకటాద్రి నాయుడు కూడా తులాభారం తూగాడని ప్రసిద్ధి. దీనిని విడిగా చూస్తే పాపభీతి కలిగిన భక్తుడి దానంగా కనిపిస్తుంది. రాయల తులాపురుషదానం పక్కన పెట్టి చూస్తే, సార్వభౌమత్వం చేజారిపోతున్న కాలంలో ఒక జమీందారు సార్వభౌముల ఆచారాన్ని తనదిగా ప్రకటించుకున్న చర్యగా కనిపిస్తుంది. నూటెనిమిది ఆలయాలు, పదకొండు అంతస్తుల గోపురం, ఇంద్రుడి నగరం పేరు పెట్టుకున్న కొత్త రాజధాని, ఆస్థానంలో ములుగు పాపయారాధ్యుల వంటి పండితకవి, ఇవన్నీ ఒకే వాక్యంలోని పదాలు. ఆ వాక్యం అర్థం: 'నేను కంపెనీ సనదు మోసే భూస్వామిని కాను, రాజును.'

మంగళగిరి గోపురం ఈ కోణంలో ఆలోచింపజేస్తుంది. అది 1802 శాశ్వత శిస్తు తరువాతి నిర్మాణం. కాగితం మీద రాజు భూస్వామిగా మారిన అయిదేళ్లకు ఆ రాజు ఆకాశం మీద తన పేరు రాయించుకున్నాడు. దీనిని ఏదో పాత పాపానికి పరిహారంగా మాత్రమే చదివితే ఆ కాలపు పెద్ద మార్పు మన కంటికి ఆనదు. భక్తి లేదని ఇక్కడి వాదం కాదు. భక్తీ రాచరికమూ ఆ కాలపు ప్రభువులలో విడివిడిగా ఉండవు. విడదీసి ఒకదానినే చెప్పడం కథకుల పని.

5. దీపాలదిన్నె: నింద పంపకం

ధరణికోట, అమరావతి మధ్యన ఉన్న మహాచైత్యపు దిబ్బను స్థానికులు దీపాలదిన్నె అని పిలిచేవారు. కొత్త పట్టణ నిర్మాణానికి ఇటుకల కోసం, రాళ్ల కోసం, బహుశా నిక్షేపాల కోసం కూడా జమీందారు మనుషులు ఆ దిబ్బను తవ్వారు. శిల్పాలు బయటపడ్డ కబురు విని కల్నల్ కాలిన్ మెకంజీ 18వ శతాబ్దపు చివరి సంవత్సరాలలో అక్కడికి వచ్చాడు. ఆయన తొలి కథనం 1807లో ఏషియాటిక్ రిసెర్చెస్ సంపుటిలో వెలువడింది. 1816లో మళ్లీ వచ్చి చూసేసరికి దిబ్బ నడిమి భాగం కోనేటి గొయ్యిగా మారింది. శిల్పఫలకాలలో కొన్ని శివగంగ చెరువు మెట్లకూ ఇతర కట్టడాలకూ చేరాయి. ఆ తరువాతి రెండు మూడేళ్లలో మెకంజీ బృందం గీసిన చిత్రాలే నేడు ఎన్నో ఫలకాలకు మిగిలిన ఏకైక సాక్ష్యం. 1823లో ఏషియాటిక్ జర్నల్‌లో వచ్చిన ఆయన వ్యాసపు శీర్షికలో అమరావతి, దీపాలదిన్నె, ధరణికోట అనే మూడు పేర్లూ కలిసి కనిపిస్తాయి.

ఇంతవరకు జమీందారు బాధ్యత స్పష్టం. దానిని భక్తి పేరుతోనో, తెలియనితనం పేరుతోనో తుడిచివేయడం చరిత్రకు న్యాయం కాదు. తెలుగు ప్రశస్తి కథనాలలో దీపాలదిన్నె దాదాపుగా కనిపించదు. కనిపించినా, ఇటుకలు దొరికిన మట్టిదిబ్బగా ఒక వాక్యంలో దాటిపోతుంది. శివాలయాన్ని నిలిపిన చేయే బౌద్ధచైత్యాన్ని తవ్విందన్న సంగతిని ఒకే వాక్యంలో చెప్పడానికి ఆ కథనరూపంలో చోటు లేదు. 1182 శాసనంలో బుద్ధుడూ అమరేశ్వరుడూ పక్కపక్కన ఉన్నారు. ఆరు వందల ఏళ్ల తరువాతి ప్రశస్తిలో ఒకరే మిగిలారు.

అయితే ఆంగ్ల పురావస్తు రచనలు స్తూప వినాశనాన్ని ఒక స్థానిక రాజు అజ్ఞానానికి అంటగట్టి వదిలిన తీరును కూడా విమర్శకుడు ప్రశ్నించాలి. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసుకు చేరి ఏళ్ల తరబడి ఎండకూ వానకూ గురయ్యాయి. 1859లో వాటిని లండనుకు ఓడలో పంపారు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియం చేరాయి. 1877లో రాబర్ట్ సూయల్ తవ్వించాడు. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు ఆదేశంతో దిబ్బనంతా ఖాళీ చేయించగా అది పెద్ద గొయ్యిగా మిగిలింది. ఆ వెంటనే వచ్చిన జేమ్స్ బర్జెస్ చేతికి చిక్కింది శిథిలాల శేషం. ఉపిందర్ సింగ్ 2001 నాటి తన వ్యాసంలో మహాచైత్యపు అంగవిచ్ఛేదాన్ని 1797 నుంచి 1886 వరకు సాగిన ప్రక్రియగా చూడడం ఈ కారణంగానే సమంజసం. తొంబై ఏళ్ల ప్రక్రియను ఇరవై ఏళ్ల జమీందారు మీదకు నెట్టితే మిగిలిన డెబ్బై ఏళ్లు 'రక్షణ'గా మిగిలిపోతాయి.

కాబట్టి రెండు కథనాలూ ఒకే పని చేశాయి. ఒకటి ప్రభువును కాపాడడానికి స్తూపాన్ని మరచింది. మరొకటి ప్రభుత్వాన్ని కాపాడడానికి ప్రభువును గుర్తుపెట్టుకుంది.

6. న్యాయస్థానంలో మరో జీవితం

వేంకటాద్రి నాయుడి మూడో జీవితం ఆయన మరణానంతరం మొదలవుతుంది. సంతానం లేని ఆయన జగన్నాథబాబును దత్తత చేసుకుని, ఆ దత్తపుత్రుడు జీవించి ఉండగానే రామనాథబాబును కూడా దత్తత చేసుకున్నాడు. 1816 తరువాత జమీ హక్కు కోసం సాగిన వ్యాజ్యాలు తరం దాటాయి. 1846లో రంగమ్మ, అచ్చమ్మ పేర్లతో ప్రసిద్ధమైన వ్యాజ్యంలో లండనులోని ప్రివీ కౌన్సిలు, మొదటి దత్తపుత్రుడు జీవించి ఉండగా చేసిన రెండో దత్తత చెల్లదని తీర్పు చెప్పింది. హిందూ దత్తత న్యాయాన్ని చదివే విద్యార్థులకు ఆ తీర్పు సుపరిచితం. వారిలో ఎందరికి అది అమరావతి గుడి కట్టిన ప్రభువు ఇంటి కథ అని తెలుసు?

ఈ వ్యాజ్యాల మధ్య శిస్తు బకాయిలు పేరుకుపోయి, 19వ శతాబ్దం నడిమినాటికి జమీ ప్రభుత్వ స్వాధీనమయింది. రాబర్ట్ ఫ్రికెన్‌బర్గ్ 1965లో వెలువరించిన గుంటూరు జిల్లా చరిత్ర 1788 నుంచి 1848 వరకు ఈ పరిణామాన్ని స్థానిక పలుకుబడికీ కేంద్రాధికారానికీ మధ్య పెనుగులాటగా వివరించింది. ఆ గ్రంథంలో వాసిరెడ్డి వంశం ఒక వ్యవస్థలో భాగం. అక్కడ ప్రశ్న ఎవరు పుణ్యాత్ములన్నది కాదు. ఊరి నుంచి కదిలిన శిస్తు రూపాయి ఎవరెవరి చేతులు దాటి ఎక్కడ ఆగిందన్నది.

స్థలగాథకు ఈ ముగింపు అక్కరలేదు. అమరేశ్వర సన్నిధిలో పునీతుడైన ప్రభువు కథకు తరువాతి కోర్టు గుమ్మాలు అపశ్రుతి. కానీ జీవితచరిత్ర రచయితకు అవి తప్పనిసరి. ఇంటి ఆడవారి పేర్లు ఈ జీవితంలో మొదటిసారి స్పష్టంగా వినిపించేది అక్కడే. ఆలయాల కథలో అచ్చమ్మ, రంగమ్మ లేరు. న్యాయస్థానంలో వాదులుగా, ప్రతివాదులుగా ఉన్నారు.

7. గ్వాతెమాలా పోలిక

ప్రభువు జీవితాన్ని సాహిత్యం ఎలా తిరగరాయగలదో చూడడానికి దూరదేశపు ఉదాహరణ ఒకటి ఉపకరిస్తుంది. మధ్య అమెరికాలోని గ్వాతెమాలాను మాన్యుయెల్ ఎస్ట్రాడా కాబ్రెరా 1898 నుంచి 1920 వరకు అధ్యక్షుడిగా పాలించాడు. 1857లో కెత్సల్‌తెనాంగోలో పుట్టిన న్యాయవాది ఆయన. అప్పటి అధ్యక్షుడు రైనా బారియోస్ హత్యకు గురికాగా పదవిలోకి వచ్చి ఇరవై రెండేళ్లు దిగలేదు. విద్యాదేవత మినెర్వా పేరిట దేశమంతా ఉత్సవాలు జరిపించాడు. ఊరూరా గ్రీకు శైలి స్తంభాలతో మినెర్వా ఆలయాలు కట్టించాడు. కెత్సల్‌తెనాంగోలోని ఆలయం నేటికీ నిలిచి ఉంది. పెరూ కవి హోసె సాంతోస్ చొకానో వంటివారు ఆయన ఆశ్రయంలో ఉన్నారు. మరోవైపు రహస్య పోలీసులు, చెరసాలలు ఆయన పాలనకు ఆధారం. 1904లో అట్లాంటిక్ రైలుమార్గాన్ని, దానితో పాటు విస్తారమైన భూములను యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ వర్గానికి ధారాదత్తం చేసిన ఒప్పందం కూడా ఆయనదే. 1920 ఏప్రిల్‌లో శాసనసభ ఆయనను మతిస్థిమితం లేనివాడిగా ప్రకటించి దించివేసింది. 1924లో నిర్బంధంలోనే మరణించాడు.

గుడులు కట్టించిన పాలకుడు, చుట్టూ చేరిన కవులు, వెనుక నిలిచిన విదేశీ కంపెనీ, ఈ మూడూ ధరణికోటను చదివిన పాఠకుడికి పరిచితంగా తోస్తాయి. భేదాలూ బలమైనవే. కాబ్రెరా స్వతంత్ర దేశాధినేత. వేంకటాద్రి నాయుడు సార్వభౌమత్వం తరిగిపోతున్న జమీందారు. ఒకరు కంపెనీని ఆహ్వానించారు, మరొకరు కంపెనీకి లోబడవలసి వచ్చింది. అందుచేత ఇద్దరినీ ఒకే తూకంలో పెట్టడం ఇక్కడి ఉద్దేశం కాదు. పోల్చదగినది వారి జీవితాలు కాదు, ఆ జీవితాలను రాసిన తీరు.

కాబ్రెరా పాలనలో పెరిగిన మిగెల్ ఆంహెల్ ఆస్తూరియాస్ ఆ అనుభవం నుంచి రాసిన 'ఎల్ సెన్యోర్ ప్రెసిదెంతె' నవల 1946లో వెలువడింది. 1967లో ఆయన నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ నవలలో అధ్యక్షుడికి పేరు లేదు, దేశానికీ పేరు లేదు. కథ చర్చి వసారాలో పడుకునే బిచ్చగాళ్లతో మొదలవుతుంది. పాలకుడు చాలా తక్కువసార్లు తెర మీదకు వస్తాడు. ఆయన అధికారం ఇతరుల శరీరాల మీద, భయాల మీద, నిద్రల మీద ఎలా పనిచేసిందో అదే కథ. అంటే ఆస్తూరియాస్ ప్రభువు జీవితచరిత్రను ప్రభువు నుంచి లాక్కుని, ఆయన కింద నలిగినవారికి ఇచ్చాడు. ప్రశస్తిలో పేరున్నది పాలకుడికి, పేరు లేనిది ప్రజలకు. నవలలో అది తారుమారయింది.

ఇంతకన్నా ముఖ్యమైన తేడా ఒకటుంది. ఆస్తూరియాస్ పాలకుడికి పశ్చాత్తాపం ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే నవల పాలకుడి ఆత్మకథగా మారిపోయేది. బాధితులు ఆ ఆత్మ శుద్ధి కావడానికి తోడ్పడిన సాధనాలుగా మిగిలిపోయేవారు. నరుకుళ్ళపాటి కథకు సరిగ్గా జరిగింది అదే.

8. పేరు మిగిలిన ఊరు

తెలుగు సాహిత్యంలో చెంచులకు చోటు లేదనలేము. అహోబిల నరసింహుడికి చెంచులక్ష్మి ఇల్లాలు. శ్రీశైల మల్లన్నను చెంచులు తమ అల్లుడిగా భావిస్తారు. చెంచులక్ష్మీ నరసింహుల కథతో ఓబయమంత్రి 'గరుడాచలము' యక్షగానం రాశాడు. దేవుడికి ఆడపడుచునిచ్చిన జాతిగా వారిని కావ్యమూ ప్రదర్శనకళా గౌరవించాయి. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1943లో ప్రచురించిన గ్రంథం నల్లమల చెంచుల జీవన విధానాన్ని వివరంగా నమోదు చేసింది. కానీ ధరణికోట కథలో చెంచు ఒక్కడికీ పేరు లేదు. మాట లేదు. విందుకు ఎందుకు వచ్చారో, ఏ మాట నమ్మి వచ్చారో, వారి ఆడవారూ పిల్లలూ ఏమయ్యారో కథ అడగదు. వారు దోపిడీగాళ్లు అన్న ఒక్క మాట వారి పరిచయమూ, వారి మీద నేరారోపణా, వారి మరణానికి సమర్థనా అయింది. ఆ మాటను చెప్పింది ఎవరు? చంపించిన పక్షమే. విచారణ లేని ఆ ఆరోపణను కథకులు తరతరాలుగా అలాగే అప్పగించుకుంటూ వచ్చారు.

ఇదే పల్నాటిలో మరణించినవారిని స్మరించే మరో పద్ధతి ఉంది. కారెంపూడి రణక్షేత్రంలో నేలకొరిగిన వీరులకు గుడి ఉంది, ఏటా ఆరాధనోత్సవం ఉంది, ఆయుధాలకు పూజ ఉంది, పేరు పేరునా వారిని పాడే వీరవిద్యావంతులున్నారు. ఆ కథాచక్రంలో గెలిచినవారూ ఓడినవారూ ఇద్దరూ పేర్లతోనే ఉన్నారు. కులం గీతలను దాటి కన్నమదాసు వంటివాడు సేనానిగా నిలిచాడు. చనిపోయినవాడిని పేరుతో తలచుకోవడం ఈ నేలకు కొత్త కాదు. అయినా నరుకుళ్ళపాటి మృతులకు ఆ మర్యాద దక్కలేదు. వారికి మిగిలింది ఊరిపేరు. అది కూడా వారి పేరు కాదు, వారి మీద జరిగిన చర్య పేరు.

ఒక విధంగా ఆ ఊరిపేరే ఈ జీవితకథలో నిజాయితీ గల సాక్షి. స్థలగాథ పాపాన్ని పుణ్యంలో కలిపివేసింది. ప్రశస్తి దానిని దాటిపోయింది. ఊరిపేరు మాత్రం ఏ పశ్చాత్తాపాన్నీ ప్రస్తావించకుండా, ఏ గుడినీ చూపించకుండా, ఒక క్రియను నిలబెట్టింది. పేరు పుట్టుకపై భాషాశాస్త్ర పరిశీలన వేరుగా జరగవలసిందే. అయితే ఆ పేరును ప్రజలు ఇలా అర్థం చేసుకుంటూ వచ్చారన్నది మాత్రం తిరుగులేని సాంస్కృతిక వాస్తవం. ప్రభువును కీర్తించే నోరే ఆ ఊరిపేరును వివరించేటప్పుడు హత్యను ఒప్పుకుంటుంది. విమర్శకుడు పట్టుకోవలసిన కొస అక్కడ ఉంది.

9. ముగింపు

2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగిన కొత్త రాజధానికి అమరావతి అని పేరు పెట్టినప్పుడు, ఆ పేరు శాతవాహనుల ప్రాచీనతను స్ఫురింపజేసింది. శాతవాహనుల నాటి పేరు ధాన్యకటకం. పట్టణంగా అమరావతిని నిలిపింది 18వ శతాబ్దపు జమీందారు. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు అమరావతి, ధరణికోట ఆ జిల్లాలోకి వచ్చాయి. ఇలా పేర్లు మారుతూ ప్రాచీనతను అరువు తెచ్చుకునే చోట, పేరు పెట్టినవాడి జీవితాన్ని పూర్తిగా తెలుసుకోవడం పరిశోధకుల బాధ్యత.

ఈ పరిశీలన నుంచి తేలిన అంశాలు మూడు. మొదటిది, వేంకటాద్రి నాయుడి ఆలయ నిర్మాణాన్ని వ్యక్తిగత ప్రాయశ్చిత్తంగా మాత్రమే కాక, కంపెనీ పాలనలో క్షీణిస్తున్న రాచరికపు ప్రకటనగా కూడా చదవాలి. రెండోది, మహాచైత్య వినాశనంలో ఆయన పాత్రను దాచకుండానే, తరువాతి ప్రభుత్వ తవ్వకాల పాత్రను దానితో కలిపి చెప్పాలి. మూడోది, చెంచుల వధ కథలో పశ్చాత్తాపపు చట్రాన్ని పక్కన పెట్టి, చనిపోయినవారి వైపు నుంచి ప్రశ్నలు అడగాలి.

మూడో పని అన్నిటికన్నా కష్టమైనది. దానికి రాతప్రతుల కన్నా క్షేత్రపర్యటన ఎక్కువ అవసరం. నల్లమల అంచు చెంచుపెంటలలో ఈ కథ ఏ రూపంలోనైనా వినిపిస్తుందా, వినిపిస్తే అందులో విందు ఎలా ఉంది, ప్రభువు ఎలా ఉన్నాడు అని అడిగే పరిశోధకులు కావాలి. అమరేశ్వరుడి సన్నిధిలో చెప్పే కథలో ప్రభువు విస్తరిలోని అన్నం పురుగులైంది. ఆ రోజు విందులో చెంచుల ముందు వడ్డించిన విస్తళ్లు ఏమయ్యాయో ఆ కథ చెప్పదు.